వీధి వైపు తిరిగిన చెప్పులు

జ్ఞానాంబ మలేసియాలో పుట్టింది. తల్లిది చంద్రగిరి. అక్కడ ఇల్లు కొంటానంటే, పరాయి దేశస్థురాలివంటూ అనుమతి కాగితం కోసం పద్నాలుగు నెలలు తిప్పారు. అది నిన్ననే చేతికొచ్చింది.

"రిజిస్ట్రేషనుకు ముందు ఇంట్లో ఒక రాత్రి ఒంటరిగా నిద్ర చెయ్యాలమ్మా, అది ఈడ వాడుక," అన్నాడు ఇల్లమ్మే దేవరాజులు. "మనసు కుదరకపోతే పొద్దున్నే చెప్పెయ్."

"కుదరక యాడికి పోతాదన్నా," అందామె.

పొద్దుగూకాక చెప్పులు గడప బయట విడిచి, లాంతరు వెలిగించి చాప పరుచుకుంది. తలుపు వేయబోతూ చూస్తే చెప్పులు వీధి వైపు తిరిగి ఉన్నాయి. తాను ఇంటి వైపుగా విడిచినట్టే గుర్తు. సరిచేసి గడియ పెట్టింది. బయట ఏ అడుగూ వినబడలేదు. కాసేపటికి తీసి చూసింది. వెళ్ళిపోయే చుట్టానికి సర్దిపెట్టినట్టు, చెప్పులు మళ్ళీ వీధి వైపే ఉన్నాయి.

ఆమెకు భయాన్ని మించి రోషం వచ్చింది. రెండు చెప్పులూ తీసుకెళ్ళి పెరటి బావిలో పడేసింది.

"ఇంక నన్నెట్ల పంపిస్తావో సూస్తా," అంది ఇంటితో. అన్ని తలుపులూ వేసుకుని, లాంతరు తగ్గించి పడుకుంది.

చాలాసేపు కీచురాళ్ళు కూడా పలకలేదు. తర్వాత పెరట్లో తడి చెప్పుల చప్పుడు మొదలైంది. మూసిన తలుపు దాటి లోపలికొచ్చింది. చాప పక్కన ఆగింది.

జ్ఞానాంబ కళ్ళు తెరవలేదు. కొంచెం జరిగి చాప మీద చోటిచ్చింది.

"పొద్దున్నే రిజిస్ట్రేషనుండాది," అంది. "పడుకో."