నిద్రించిన తేదీ

“మరణం అని వద్దు బిడ్డా. ‘నిద్రించిన తేదీ’ అని చెక్కు.”

మహిపాల్ చేతిలో ఉలి ఆగింది.

ఉప్పల్‌లో రాళ్ళ మీద పేర్లు చెక్కే దుకాణం అతనిది. గుమ్మం పక్క పేరు పలకలైనా, సమాధి రాళ్ళయినా అతని చెయ్యి పడితే అక్షరం ముత్యమే. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే ఉండేది.

ఎదురుగా బక్కపలచని ముసలామె. ఆమె తెచ్చిన కాగితంలో ‘సుశీలమ్మ’ అని ఉంది.

“ఈ సుశీలమ్మ ఎవరు? మీ అక్కనా?”

“నేనే.”

మహిపాల్ నోరు తెరిచాడు.

“గట్ల జూడకు బిడ్డా. డాక్టర్లు ఆశ లేదన్నరు. తేదీ జాగ ఖాళీ ఉంచు. ఈస్టర్‌కు రాయి తయారైతే సాలు. తెల్లారక ముందే మా నాచారం చర్చి సంఘపోళ్ళంత సమాధుల కాడికొస్తరు.”

“సచ్చినోళ్ళ కాడ పండుగేందమ్మా?”

“సచ్చినోళ్ళు కాదు, పండుకున్నోళ్ళు. ప్రభువు లేచిండు, మమ్ముల గూడ లేపుతడు. లేచేటోళ్ళది నిద్రే గదా!”

ఆ మాటకు మహిపాల్‌కు ఒళ్ళు మండింది.

“ఏం నిద్రమ్మా! కరోనాల మా అమ్మ దవాఖానాల ఒక్కతే పోయింది. నన్ను లోపటికి రానియ్యలే. నోట్ల ఆఖరి నీళ్ళు పోసే దిక్కు లేకపాయె. గది నిద్రా?”

ఐదేళ్ళుగా అదే బాధ అతన్ని తినేస్తోంది. తల్లి దాహంతో పోయిందన్న తలపు వస్తే చాలు, ముద్ద గొంతు దిగేది కాదు.

సుశీలమ్మ దగ్గరికి జరిగింది. “గదే చెప్పనీకి వచ్చిన బిడ్డా. మీ అమ్మ...”

“నాకేం చెప్పకు!”

మహిపాల్ కోత మిషన్ ఆన్ చేశాడు.

ఆమె పెదవులు కదిలాయి కానీ మాట వినబడలేదు. రాతి దుమ్ముకు దగ్గు ముంచుకొచ్చింది. కాసేపు నిలబడి, ‘మళ్ళొస్త’ అన్నట్టు చెయ్యి ఊపి వెళ్ళిపోయింది.

కోపం ఎంతున్నా పనిలో దొంగతనం తెలియని మనిషి. ఆమె చెప్పినట్టే చెక్కాడు. చెక్కుతూ ఉంటే కోపం చల్లారింది. పాపం, పెద్ద మనిషిని కసిరానే అని నొచ్చుకున్నాడు. వస్తే కూర్చోబెట్టి చాయ్ పోయాలనుకున్నాడు.

ఈస్టర్ ముందు రోజు ఒక అమ్మాయి వచ్చింది.

“అంకుల్, నేను గీతికను. సుశీలమ్మ మనవరాలిని. అమ్మమ్మ గురువారం నిద్రించింది. తేదీ చెక్కాలె.”

కళ్ళు ఎర్రగా ఉన్నాయి కానీ గొంతు వణకలేదు.

“అయ్యో! మళ్ళొస్తనన్నది గదా బిడ్డా!”

“అమ్మమ్మను మేం మళ్ళ చూస్తం అంకుల్. రేపటి పండుగ గందుకే.”

మహిపాల్ తేదీ చెక్కడానికి కూర్చున్నాడు. ఉలి పక్కన పెట్టాడు.

“నాకేందో చెప్పాలనుకున్నది. నేనే చెప్పనియ్యలే.”

“గది నాకు చెప్పి పంపింది. మీకోసం ఎన్ని రాళ్ళ దుకాణాలు తిరిగిందో! ‘ఉప్పల్ల నా కొడుకు మహిపాల్ రాళ్ళు చెక్కుతడు, వాన్ని ఫికర్ చెయ్యొద్దని చెప్పు’ అన్నదంట మీ అమ్మ. అమ్మమ్మ అప్పుడు గా కరోనా వార్డుల ఆయా. మీ అమ్మ ఉప్పలమ్మను ఒళ్ళో పండవెట్టుకొని ఆఖరి నీళ్ళు పోసింది మా అమ్మమ్మే అంకుల్.”