ఓనరుగారు

సందు మలుపు తిరగ్గానే స్టీరింగు వెనక పసుపు లైటు మిణుకుమిణుకుమనడం మొదలుపెట్టింది. దాంతోపాటే కారుకి ఎక్కిళ్లు పట్టుకున్నాయి.

నడుపుతున్న కుర్రాడు ఆ లైటుని వేలితో కొట్టి చూశాడు. ఇంట్లో, బయటా అందరూ వాణ్ణి పొడుగనే పిలుస్తారు. కారు కొట్టేయడం వాడికి ఇదే మొదలు. తలుపు గడియ వేసి లేదు, తాళంచెవి స్టీరింగు పక్కనే వేలాడుతోంది, వీధిలో నరపురుగు లేదు. అంత సులువుగా చేతికొచ్చిన కారు ఇలా దగా చేస్తుందని వాడు అనుకోలేదు. పైగా సీటు ముందుకు జరిగి బిగుసుకుపోయింది. ఎంత గుంజినా వెనక్కి రాదు. మోకాళ్లు స్టీరింగుకి తగులుతుంటే గంపలో కుక్కిన కోడిలా కూర్చున్నాడు.

పక్కకి ఆపి బావకి ఫోన్ చేశాడు. దొంగ కార్లు కొని అమ్మడం బావ వ్యాపారం.

“తెచ్చా బావా. కానీ లోపల ఇంజిన్ బొమ్మతో పసుపు లైటొకటి కొట్టుకుంటోంది.”

“లైటు వెలిగే కారు నా గుమ్మం తొక్కడానికి వీల్లేదు. కొనేవాడు ముందు చూసేది దాన్నే. బాగు చేయించి తీసుకురా.”

“కొట్టేసిన కారుకి రిపేరు చేయించాలా?”

“కొట్టేసిన చెంబైనా తోమే కదరా అమ్మేది. సాయంత్రంలోగా తెచ్చావా, సరే. లేదంటే రేపట్నుంచి మా నాన్న పిండిమరలో కూర్చో. నిన్ను ఏదో ఒక పనిలో పెడతానని మీ అక్కకి మాటిచ్చి చచ్చాను.”

పిండిమర పేరు వినగానే పొడుగుకి తుమ్మొచ్చింది.

ఆ వీధికి ముందు ఎత్తు, వెనక పల్లం. మూలుగుతున్న కారు ఎత్తు ఎక్కనని మొరాయించింది. ఎక్కలేనిది పల్లానికే పోతుంది కాబట్టి, దొర్లుకుంటూ వెళ్లి కిందనున్న మెకానిక్ షెడ్డు ముందు ఆగింది. ఆ పల్లంలో ఇంకో షెడ్డు లేదు.

బయట బల్ల మీద ఒక పొట్టి పెద్దాయన టీ తాగుతున్నాడు. మెకానిక్ లోపల్నుంచి వచ్చాడు.

“రండి ఓనరుగారు. ఏమంటోంది బండి?”

పుట్టాక పొడుగుని ‘గారు’ అన్నవాళ్లు లేరు. వాడు కొంచెం నిటారుగా నిలబడ్డాడు.

“లైటు వెలుగుతోందండీ. దాని మీద నల్ల టేపు ముక్క అంటించండి, చాలు.”

బల్ల మీది పెద్దాయన నవ్వాడు. “పాలు పొంగుతుంటే కళ్లు మూసుకుంటానంటావేం బాబూ? ఆ లైటు నిలకడగా వెలిగితే మెల్లగా ఇల్లు చేరొచ్చు. మిణుకుమిణుకుమందంటే అక్కడికక్కడే ఆపాలి. లేకపోతే ఉన్నది కాస్తా ఊడుతుంది.”

“మీరెవరండీ?”

“ఇంట్లో తోచక ఇలా వచ్చి కూర్చుంటాను.”

బానెట్ తెరిచే మీట ఎక్కడుందో పొడుగుకి దొరకలేదు. మెకానిక్ కిటికీలోంచి చెయ్యి పెట్టి, అటు చూడకుండానే దాన్ని లాగాడు. స్టీరింగు కింద, లోపం ఎక్కడుందో చెప్పే చిన్న పెట్టె తగిలించి అంకెలు చదివాడు.

“నాలుగు సిలిండర్లలో ఒకటి మండట్లేదు. నలుగురు మోయాల్సిన బరువు ముగ్గురు మోస్తున్నారు. ఒక ప్లగ్గూ, దాని కాయిలూ మార్చాలి.”

“ఒక్కటే ఎందుకు, నాలుగు ప్లగ్గులూ వేయించు బాబూ” అన్నాడు పెద్దాయన. “మిగతా మూడూ ఆ ఈడువేగా.”

పొడుగు జేబు ఖాళీ అయింది.

“ఆయిలు కూడా నల్లబడే ఉంటుంది.”

పొడుగు వాచీ పోయింది.

“పెట్రోలు ట్యాంకు మూతకి రబ్బరు చిట్లి ఉంటుంది. గాలి పోయినా ఈ లైటే వెలుగుతుంది.”

“మూత చూడకుండానే ఎలా చెప్పారండీ?”

“పాత కార్లన్నిటికీ అదే రోగం.”

మూత కింద పొడుగు నడుముకున్న కొత్త బెల్టు కూడా పోయింది. ప్యాంటు ఒక చేత్తో పట్టుకుని పొడుగు రెండో చేత్తో ఫోన్ ఎత్తాడు.

“ఆ డొక్కుతో ఇంకా ఎంతసేపురా?” అన్నాడు బావ.

“డొక్కు అనకు బావా. నాలుగు కొత్త ప్లగ్గులున్న కారు.”

తాళం తిప్పగానే పసుపు లైటు ఒక్కసారి వెలిగి, ఇంజిన్ అందుకోగానే ఆరిపోయింది. కారు పాలు తాగిన పిల్లిలా గురగురలాడింది. పొడుగు దాని తలుపు నిమిరాడు. అమ్మకుండా ఉంచుకుంటే ఎలా ఉంటుందా అని కూడా అనుకున్నాడు.

ఎక్కబోతుంటే పెద్దాయన లేచాడు. “ఆగు బాబూ. బాగైన బండిని ముందు ఎత్తు ఎక్కించి చూడాలి. లైటు మళ్లీ వస్తే అక్కడే వస్తుంది. నీకా ప్యాంటు నిలవదు, మోకాళ్లు అడ్డం. నేనొక చుట్టు తిప్పుకొస్తా.”

పొడుగు బల్లకేసి చూశాడు. గ్లాసులో టీ ఇంకా సగం ఉంది. టీ వదిలేసి ఎవరు పోతారు? తాళం ఇచ్చాడు.

పెద్దాయన ఎక్కి కూర్చున్నాడు. ఆ సీటు ఆయనకి కొలిచి కుట్టించినట్టు సరిపోయింది. కారు ఎత్తు మీదికి సాఫీగా పాకి, మలుపు దగ్గర మాయమైంది.

పొడుగు వాచీ లేని మణికట్టు చూసుకున్నాడు. టీ మీద మీగడ కట్టింది. బావ ఫోన్ మోగి మోగి ఆగిపోయింది.

“పెద్దాయన ఇంకా రాలేదేంటండీ?”

“ఇంటికెళ్లుంటారు.”

“నా కారేసుకునా?”

మెకానిక్ గ్లాసు కడిగి బోర్లించాడు. పొడుగు నడుముకేసి కాసేపు చూసి, బెల్టు తెచ్చి చేతిలో పెట్టాడు.

“ఆ లైటు వెలిగినప్పుడల్లా ఆయన తాళం తన కారులోనే వదిలేస్తారు బాబూ.”