నీలి నక్షత్రం కోసం ప్రార్థన

“మామ్మా, నా నక్షత్రం వెలగడం లేదు,” అంది రెబెకా, లాప్‌టాప్ మూసేసి.

చిన్నమ్మలు మంచం మీద నుంచి తల మాత్రం తిప్పింది. బాత్‌రూమ్‌లో జారిపడి, తుంటి ఎముకకి ఆపరేషన్ అయినప్పటి నుంచీ తల తిప్పడం తప్ప మిగతా పనులన్నీ మానేసిందావిడ. ఎముక అతికింది, ఇక లేచి నడవమని అమలాపురం డాక్టరు చెప్పాడు. “ఆయనకేం, చెబుతాడు. పడేది నేను కదా,” అని వాకర్ మీద తువ్వాళ్లు ఆరేయించింది. ఇంట్లో వాళ్లు చెప్పి చెప్పి ఊరుకున్నారు.

“ఏ నక్షత్రమే?”

రెబెకా బెంగళూరులో నక్షత్రాల మీద పరిశోధన చేస్తోంది. మామ్మని చూసుకోవడానికని రాజోలు వచ్చింది. ఆ నక్షత్రం మన పాలపుంతలోది కాదు, పక్కనున్న ఆండ్రోమెడా గెలాక్సీలోది. నీలంగా ఉంటుంది. పది లక్షల సూర్యుళ్లని ఒకచోట కుప్పపోస్తే ఎంత వెలుగో, అంత వెలుగు దానిది. కాకపోతే నిలకడ లేదు. ఏళ్ల తరబడి ఒద్దికగా ఉండి, ఉన్నట్టుండి ఒంటి మీది పొరలు విసిరికొట్టి భగ్గుమంటుంది.

“అంత వెలుగుంటే నాకు కనబడదేం?”

“అంత దూరం మామ్మా. పెద్ద టెలిస్కోపుకే చుక్కలా కనబడుతుంది.”

“కంటికి కనబడని దాని మీద ఇన్నేళ్ల చదువా?”

“నువ్వు రోజూ ప్రార్థనలో మాట్లాడే ఆయన కనబడుతున్నాడేంటి?”

చిన్నమ్మలు తల గోడ వైపు తిప్పుకుంది.

“నా థీసిస్ అంతా దాని మీదే ఉంది. అది వెలగకపోతే నా కష్టమంతా బూడిదలో పోసిన పన్నీరే. నువ్వు ప్రార్థన చెయ్యి మామ్మా,” అంది రెబెకా.

ప్రార్థన విషయంలో చిన్నమ్మలుకి ఆ పేటలో పెద్ద పేరు. వెనకింటి సాల్మన్ ట్రాన్స్‌ఫర్ ఆవిడ ప్రార్థన వల్లే వచ్చిందంటారు. ప్రశాంతికి కవలలు పుట్టినప్పుడు సగం మెప్పు ఆవిడకే పోయింది. ఆ రాత్రి చిన్నమ్మలు పడుకునే కళ్లు మూసుకుని గట్టిగా ప్రార్థన చేసింది.

మర్నాడు రెబెకా లాప్‌టాప్ చూసి తల అడ్డంగా ఊపింది. ఆ మర్నాడూ అంతే. చిన్నమ్మలుకి తల కొట్టేసినట్టయింది.

“పడుకుని అడిగితే ఇలాగే ఉంటుంది. శుక్రవారం స్త్రీల ప్రార్థన కూడికలో చెప్పాలి.”

“ఎదురింటి అమ్మాజీ గారింట్లోనే కదా. నేను వెళ్లి చెప్పేస్తాలే.”

“ఒకళ్ల విన్నపం ఇంకొకళ్లు చెప్పకూడదే. ఎవరి భారం వాళ్లే నిలబడి, సొంత నోటితో చెప్పుకోవాలి. మా అత్తగారి కాలం నుంచీ అంతే.”

శుక్రవారం చిన్నమ్మలు వాకర్ మీది తువ్వాళ్లు తీయించింది. దారి పొడుగునా మూలుగుతూ, డాక్టర్లందర్నీ తిట్టుకుంటూ ఎదురింటికి చేరింది. వాకర్ పట్టుకుని నిలబడి చెప్పింది. “ఆండ్రోమెడాలో మా మనవరాలి నక్షత్రం ఉందండీ. అది వెలగాలండీ. అందరూ ప్రార్థన చెయ్యండి.”

అందరూ కళ్లు మూసుకున్నారు. ఆమెన్ అన్నాక అమ్మాజీ నెమ్మదిగా అడిగింది. “ఆండ్రోమెడా అంటే మస్కట్ దాటాక వస్తుందాండీ?”

మర్నాడు రెబెకా మొహం కాస్త తేటపడింది. “కొంచెం పెరిగింది మామ్మా. కానీ ఇంకా చాలదు.”

“పదిమందే కదే ఉన్నది. పదిమందికి అంతే వస్తుంది. చర్చిలో చెప్పాలి.”

“చర్చి కాలవ అవతలుంది. ఆటో పిలవనా?”

“అడిగేది పది లక్షల సూర్యుళ్లంత. ఆటోలో వెళ్లి అడుగుతారా ఎవరైనా?”

ఆ రోజు నుంచీ కొబ్బరిచెట్ల మధ్య నడక అభ్యాసం మొదలైంది. పొద్దున్నా, సాయంత్రమూ పెరట్లో ఆ చివరికీ ఈ చివరికీ తిరిగేది. నెల తిరిగేసరికి వాకర్ పోయి చేతికర్ర వచ్చింది. పక్కింటి జోజి మాస్టారు, కాలేజీలో ఫిజిక్స్ చెప్పి రిటైరైనాయన, గోడ మీంచి చూసి నవ్వాడు.

“చిన్నమ్మలు గారూ, అక్కణ్ణుంచి వెలుగు రావడానికి పాతిక లక్షల ఏళ్లు పడుతుందండీ. ఇవాళ కనబడేది అప్పుడెప్పుడో బయల్దేరింది. ఇప్పుడు ప్రార్థన చేస్తే ఏం లాభమండీ?”

చిన్నమ్మలు నడక ఆపలేదు. “ఈ ఆదివారం నేను అడుగుతానని ఆయనకి అప్పుడే తెలుసండీ మాస్టారూ. బెల్లు కొట్టాక బయల్దేరే రకం కాదాయన.”

మాస్టారు ఇంట్లోకి వెళ్లిపోయాడు.

ఆదివారం చిన్నమ్మలు కాలవ వంతెన ఎక్కి, దిగి, చర్చికి చేరింది. విన్నపాలు చెప్పమనగానే ఎవరి సాయమూ లేకుండా లేచి నిలబడింది. చర్చంతా నీలి నక్షత్రం కోసం ప్రార్థన చేసింది. పాస్టరు గారు కూడా ఆండ్రోమెడా అనే మాట దగ్గర తడబడకుండా గట్టెక్కారు.

బయటికి రాగానే రెబెకా మెట్ల పక్కన నిలబడి ఫోను తెరిచింది. చిన్నమ్మలుకి మనవరాలి మొహం వంక చూడ్డానికి కూడా భయమేసింది. అడక్కుండా ఉండలేక అడిగింది. “ఏమైందే?”

“వెలిగింది మామ్మా. భగ్గుమంది.”

చిన్నమ్మలు కళ్లనీళ్లు పెట్టుకుంది. పిల్ల చదువు నిలబడింది. అంతకన్నా ఏం కావాలి? కనబడిన వాళ్లందరికీ చెబుతూ, కర్ర చంకలో పెట్టుకుని వంతెన వైపు చకచకా బయల్దేరింది. ముందు ఎవరికి చెప్పాలో కూడా అనుకుంది. జోజి మాస్టారికి.

రెబెకా కావాలనే నాలుగడుగులు వెనకబడి, అమలాపురం ఫోన్ చేసింది.

“ఆయ్, కర్ర కూడా ఆన్చకుండా నడిచేస్తోందండి డాక్టరు గారూ, ఆ నక్షత్రం పోయిన వేసవిలోనే వెలిగి నా థీసిస్ కూడా అయిపోయింది గానీ, మామ్మకి మాత్రం ఇవాళే వెలిగించేనండి.”