కుర్చీ మీద కండువా

ఇప్పుడు ఏ పత్రికలోనైనా కచేరీ విని సమీక్ష రాసేది చెవియంత్రమే. విమర్శకుడు దాని పక్కన కూర్చుని విని, చివర్లో వేలిముద్ర వేస్తే చాలు. విమర్శకుడు ముక్తేశ్వరరావు ఆ సాయంత్రం హైమవతి కచేరీలో యంత్రాన్ని ముందు వరస కుర్చీలో పెట్టి, పైన తన కండువా కప్పి, క్యాంటీన్‌లో పెసరట్టు తింటూ కూర్చున్నాడు. సమీక్ష చదవకుండానే వేలిముద్ర వేశాడు.

మర్నాడు పత్రికలో సమీక్ష చూసి గాయని హైమవతి అతని ఇంటికొచ్చింది.

"పల్లవి మరిచిపోయి ఆగానని రాశారు మాస్టారూ. మరవలేదండి. అది నేర్పిన మా గురువుగారు ఆ పొద్దున్నే పోయారు. గొంతు పెగల్లేదు. హాలంతా కళ్లు తుడుచుకుంది. నాకు మీ కండువా ఒక్కటే కనబడింది. మీరున్నారా?"

లేననడానికి అతనికి నోరు రాలేదు. "ఉన్నానమ్మా. అంతా విన్నాను."

ఆమె తల వంచుకుంది. "ముప్పై ఏళ్లుగా మీ చెవినే నమ్ముకున్నానండి. మీకే అలా వినపడిందంటే లోపం నాదే. ఇంక ఆ పల్లవి పాడను లెండి."