కుక్కకో సొట్ట పళ్ళెం

మెహర్‌కి అన్నిటికంటే భయం కుక్కలంటే. తన కాళ్ళ గురించి కాదు, చంకలో ఉన్న కౌసర్ గురించి. ఈమధ్యే నడక నేర్చిన పిల్ల. కిందికి దించితే చాలు, కదిలే ప్రతిదాని వెంటా పడుతుంది.

అందుకే గేటు లోపలి నుంచి "కుక్కకి పళ్ళెం కావాలి" అని వినపడగానే నెత్తిన గంపతో సహా వెనక్కి జరిగింది.

"కట్టేశారా అమ్మగారూ?"

"కట్టకపోతే రావా? జుట్టుకి గిన్నెలిస్తామని ఊరంతా అరుస్తా తిరుగుతున్నావు, పిలిస్తే ఎనక్కి పోతావేందే?" సుబ్బరావమ్మ గేటు సగం తెరిచింది. మిరపకాయలు తొడిమలు తీస్తూ లేచి వచ్చినట్టుంది, మంటెక్కిన చేతులు ఒంటికి తగలకుండా ఎడంగా పెట్టుకుంది. "గదిలో వేసి తాళం పెట్టాంలే. రా. గంప అరుగు మీద పెట్టమాక, కింద పెట్టు."

మెహర్ గంప దించింది. పిల్లను మాత్రం దించలేదు. దువ్వెనకు వచ్చిన చిక్కుజుట్టును ఆడవాళ్ళు ఉండలు చుట్టి దాస్తారు. ఆమె వచ్చినప్పుడు అది తూచి ఇచ్చి, గిన్నో గరిటో తీసుకుంటారు. అదే ఆమె బతుకుతెరువు.

పైనున్న కొత్త స్టీలు పళ్ళెం తీసి చూపించింది.

"చెవులు పనిచెయ్యటంలా? కుక్కకన్నానా, అల్లుడికన్నానా? అడుగున సొట్టపోయినయ్యి ఉంటయ్యిగా, అవి తియ్యి."

మెహర్ గంప అడుగు దాకా చెయ్యి పెట్టి వెతికింది. "ఇదుగోండి. అంచు కాస్త చీలింది. నోరు కోసుకుంటదేమో, చూసుకోండి మరి."

"కోసుకుంటే కోసుకుంటది. కానీ ఇది లోతుగా ఉంది. పల్చటిది చూడు. తలుపు కింద నుంచి తొయ్యాలి."

"తలుపు తీసి పెట్టొచ్చుగా అమ్మగారూ?"

"తీస్తే నువ్వొచ్చి పట్టుకుంటావా? మొన్న తీస్తే రోడ్డెక్కింది. నలుగురు ఎంటబడితే గానీ దొరకలా. ఊళ్ళో పరువు పోయింది."

మెహర్ పిల్లను రెండో చంకకు మార్చుకుంది. "అంత పొగరుదైతే ఎవరికన్నా ఇచ్చెయ్యరాదా?"

"మావాడు ముచ్చటపడి తెచ్చుకున్నాడు. ఇప్పుడు చాకిరీ నాకు."

"కరుస్తదా?"

"ఒకసారి కరిచింది. మళ్ళీ కరవకుండా చేశాం. ఇప్పుడు అరవను కూడా అరవటంలా. పళ్ళెం అమ్ముకోవటానికొచ్చావా, కుక్కని చేసుకోవటానికొచ్చావా?"

మెహర్ రెండు పల్చటి పళ్ళేలు తీసి పక్కన పెట్టింది. సుబ్బరావమ్మ లోపలికి వెళ్ళి పేపరు పొట్లం ఒకటి తెచ్చి ఆమె ముందు పడేసింది.

విప్పి చూసి మెహర్ ఆగిపోయింది. చిక్కుజుట్టు కాదు. నడుము దాటే పొడవున్న జడ. అల్లిక కూడా విప్పకుండా మొదలంటా కోసేశారు. నల్లగా నిగనిగలాడుతోంది. సుబ్బరావమ్మ తల చూస్తే ముగ్గుబుట్ట.

"ఎవరిదండీ ఇది?"

"మా కోడలిది. పుట్టింటికి పోతా క్రాపు కొట్టించుకుని పోయింది. ఫ్యాషనంట! ఇంటి పని గాలికొదిలేసి సోకులు. నీకెందుకు ఆరాలు, దొంగ సొత్తనుకున్నావా?"

"అట్టా అన్లేదండీ. ఇట్టాంటి జుట్టుకి సొట్ట పళ్ళేలిచ్చి పోతే నాకే పాపం. గంపలోంచి ఓ గిన్నె కూడా తీసుకోండి."

"చూశావా! నేను అడక్కపోతే ఎగేసేదానివేగా? గిన్నె ఒక్కటేనా, దాని మూతేది?"

"మూత విడిగా అండీ."

"మూత లేని గిన్నె నా నెత్తిన పెట్టుకోనా? సరిగ్గా తూచు. ముల్లు ఎటు మొగ్గుతుందో నాకు కనపడాల."

త్రాసు ఎత్తాలంటే రెండు చేతులూ కావాలి. మెహర్ కౌసర్‌ని మోకాళ్ళ మధ్య నిలబెట్టుకుని తూచింది. సుబ్బరావమ్మ మళ్ళీ తూచమంది. ముల్లు కదిలిందంటే, కదల్లేదని వాదించుకున్నారు. చివరికి మూత కోసం మెహర్ గంపలోకి వంగింది.

తలెత్తేసరికి మోకాళ్ళ మధ్య పిల్ల లేదు.

ఇంటి వెనక నుంచి కౌసర్ చెప్పుల చప్పుడు, కీచు కీచుమంటూ.

"యా అల్లా! కుక్క!" గంపా త్రాసూ అక్కడే వదిలేసి పరుగెత్తింది.

"అటు పోబాకే! ఆగు!" వెనక నుంచి సుబ్బరావమ్మ కేక. ఆ కేకకు మెహర్ ఇంకా వేగంగా పరుగెత్తింది.

వెనక వైపు పత్తి దాచే గది. తలుపుకి తాళం. కౌసర్ గడప ముందు బోర్లా పడుకుని, తలుపు కింద సందులోకి మోచేయి దాకా చెయ్యి పెట్టి కిలకిలా నవ్వుతోంది.

మెహర్ పిల్లను నడుము పట్టి లాగింది. చెయ్యి రాలేదు. లోపలి నుంచి ఏదో గట్టిగా పట్టుకుంది.

"వదులు! వదులు! ఛీ!" తలుపుని కాలితో తన్నింది. పట్టు సడలింది. వచ్చిన చేతిని ఎండలోకి తిప్పి వేలు వేలూ వెతికింది. గాటు లేదు. రక్తం లేదు. వేళ్ళు మాత్రం తడిగా ఉన్నాయి.

సుబ్బరావమ్మ చెప్పుల చప్పుడు మూల తిరుగుతోంది. పిల్లను గుండెకు అదుముకుని మెహర్ లేవబోయింది.

తలుపు కింద నుంచి సన్నగా ఓ ఆడగొంతు వినిపించింది.

"అక్కా, కనిగిరిలో మా అమ్మకి చెప్పవా, వచ్చి నన్ను చూసిపొమ్మని?"