క్రిస్మస్ తాత దయ్యం

పొద్దున తొమ్మిదైనా దయ్యం రాలేదు.

కొత్తకోట పాత మిషన్ బంగళాలో కెమెరా పెట్టుకుని విజేందర్ గంట నుంచి గేటు వైపే చూస్తున్నాడు. పెళ్ళిళ్ళకు వీడియోలు తీసే విజేందర్‌కు ఇది మొదటి సినిమా. క్రిస్మస్ పండుగ మీద నాలుగు చిన్న దయ్యం కథలు, అన్నీ కలిపి ఒక సినిమా. మూడు అయిపోయాయి. నాలుగోది ఈ రోజు తీసేస్తే పండుగకు వేస్తామని ఒక యాప్ వాళ్ళు మాటిచ్చారు.

ఒక్కటే మెలిక. బంగళా చర్చి వాళ్ళది. సంఘ కాపరి, అదే పాస్టర్ అయ్యగారి సంతకంతో అనుమతి కాగితం లేకపోతే యాప్ వాళ్ళు సినిమాను ముట్టుకోరు. అర్జీ ఇచ్చి పది రోజులైనా జవాబు లేదు. కొత్తగా బదిలీ మీద వచ్చిన అయ్యగారు నవ్వని మనిషని, దయ్యం మాటెత్తితే ఊరుకోడని ఊళ్ళో చెప్పుకుంటున్నారు.

"ముందుగాల తీసేద్దాం. సంతకానికి రేపు కాళ్ళు పట్టుకుందాం" అన్నాడు మేనేజర్ సైదులు.

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని అడిగేవాళ్ళు అక్కడ ఎవరూ లేరు. అలా పొద్దున్నే వాచ్‌మన్‌ను బతిమాలి తాళం తీయించారు.

తొమ్మిది దాటాక గేటు తోసుకుని ఒకాయన వచ్చాడు. అరవై ఏళ్ళుంటాయి. పొడుగ్గా, బక్కగా, మెడకు మఫ్లర్.

సైదులు ఎదురెళ్ళాడు.

"దయ్యం గురించే వచ్చిన్రా?"

"అవును. దయ్యం గురించే వచ్చిన" అన్నాడాయన గట్టిగా.

"జర జల్ది రావాలె గద పెద్దాయనా" అంటూ సైదులు ఆయన చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయాడు. దయ్యం వేషానికి మహబూబ్‌నగర్ నుంచి ఒక నాటకాల నటుడు రావాలి. ఫోన్లో మాట్లాడుకోవడమే గాని మనిషిని ఎవరూ చూడలేదు.

ఆయన ఏదో చెప్పబోయాడు. బ్యూటీ పార్లర్ భాగ్యలక్ష్మి, ముఖం మీద రంగు ఆరేదాకా నోరు విప్పొద్దంది. రంగు ఆరేలోపు ఎర్ర కోటు తొడిగారు, తెల్ల గడ్డం అంటించారు. ఆయన అద్దంలో చూసుకున్నాడు. ఏమనుకున్నాడో ఏమో, చెప్పబోయిన మాట మానుకున్నాడు.

కథ చిన్నదే. క్రిస్మస్ తాత వేషంలో దయ్యం తలుపు కొడుతుంది. పిల్ల తలుపు తీస్తుంది. దయ్యం గొడ్డలి ఎత్తుతుంది. ఆ పిల్ల వేషం డిగ్రీ చదివే అఫ్రీన్‌ది.

మొదటిసారి తలుపు తీయగానే దయ్యం గొడ్డలి కింద పెట్టి, "తిన్నవా బిడ్డా?" అంది.

అఫ్రీన్ పడీ పడీ నవ్వింది. విజేందర్ నెత్తి కొట్టుకున్నాడు.

రెండోసారీ గొడ్డలి లేవలేదు. మూడోసారీ అంతే. ఇంత చేతగాని దయ్యాన్ని తన జన్మలో చూడలేదని విజేందర్ అందరి ముందూ కడిగేశాడు. ఆయన తలొంచుకుని విన్నాడు.

మధ్యాహ్నం తిండి దగ్గర ఆయన్ని మరిచిపోయారు. చివర్లో అడుగున మిగిలిన అన్నం పెడితే, ప్లేటు ముందు పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. అలిగాడనుకున్నాడు సైదులు.

తిన్నాక ఆయనే విజేందర్ దగ్గరికి వచ్చాడు.

"ఒక్క మాట చెప్తా నాయినా. దయ్యం కొట్టుడెందుకు? పండుగనాడు గా తాతకు ఎవ్వలు తలుపు తీయలేదనుకో. గందుకే దయ్యమైండు. ఇంటింటికి వచ్చి పేరు పెట్టి పిలుస్తడు. అంతే."

వేరే దారి లేదు. సరే కానిమ్మన్నాడు విజేందర్.

ఆయన తలుపు బయట నిలబడ్డాడు. కథలోని పేరుతో కాదు, అసలు పేరుతోనే పిలిచాడు.

"అఫ్రీన్... తలుపు తీయి బిడ్డా."

మైకు లేకుండానే ఆ గొంతు బంగళా అంతా నిండింది. అఫ్రీన్ నిజంగానే ఒక అడుగు వెనక్కి వేసింది. భాగ్యలక్ష్మికి భయమూ వేసింది, ఏడుపూ వచ్చింది. మూడు కథల్లో రాని దయ్యం నాలుగో కథలో వచ్చిందని విజేందర్‌కు అర్థమైంది. ఆ మాట పైకి అనడానికి మాత్రం మనసొప్పలేదు. పొద్దుట్నుంచి తిట్టిన నోరాయె.

వేషం తీసేటప్పుడు సైదులు ఆయనకు జాగ్రత్తలు చెప్పాడు. ఈ షూటింగ్ సంగతి బయట అనొద్దని, కొత్త అయ్యగారి చెవిన పడితే అందరి పనీ అయిపోతుందని.

"గంత కోపిష్టా?" అని అడిగాడాయన.

"రాక్షసుడట. నవ్వుడే రాదట" అన్నాడు సైదులు.

ఆయన గడ్డం ఊడదీసుకుంటూ, అయ్యుండొచ్చన్నాడు. మఫ్లర్ చుట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోయాడు.

పది నిమిషాలకు సైదులు ఫోన్ మోగింది. మహబూబ్‌నగర్ నటుడు. బస్సు తప్పిందట, రేపు వస్తాడట.

మరి ఇప్పటిదాకా వేషం వేసిందెవరు? సైదులు రోడ్డు మీదికి ఉరికాడు. ఎవరూ లేరు. అసలు దయ్యమే వచ్చిపోయిందేమోనని భాగ్యలక్ష్మి అంటే ఎవరికీ నవ్వు రాలేదు.

మర్నాడు విజేందర్, సైదులు సంతకం కోసం చర్చికి వెళ్ళారు. దారి పొడుగునా విజేందర్‌కు ఆ పెద్దమనిషే గుర్తొచ్చాడు. ఆయనతో తను ఒక్క మంచి మాట అనలేదు. సినిమాలో వేద్దామన్నా పేరు తెలియదు. మనసులో చాలా బాధపడ్డాడు.

వాళ్ళను చూసి చర్చి పెద్ద ఒకాయన లోపల్నుంచి కవరు తెచ్చాడు. అయ్యగారు తెల్లారే పండుగ ప్రార్థనలకు ఊళ్ళ మీదికి వెళ్ళారని, కొత్త సంవత్సరం దాకా తిరిగి రారని చెప్పాడు.

"మొన్న మీ అర్జీ చూసి అగ్గయిండు. నిన్న పొద్దుమూకినంక యాడికెళ్ళి వచ్చిండో గాని, అప్పటిసంది ఒక్కడే నవ్వుకుంటుండు" అన్నాడు.

విజేందర్ భయం భయంగా కవరు చింపాడు.

అనుమతి ఇచ్చారు. కింద సంతకం ఉంది.

ఆ సంతకం కింద, హోదా రాయాల్సిన చోట, అయ్యగారు గుండ్రటి అక్షరాలతో ఇలా రాశారు: ‘సంఘ కాపరి, నాలుగో దయ్యం.’