ఫైటర్ ఏడ వోయింది?

"నిజం చెప్పు. నా ఫైటర్‌ను ఏం జేసినవ్?"

సతీష్ కేకకు వంటింట్లోంచి కల్పన గరిటెతో సహా పరుగెత్తుకొచ్చింది. టేబుల్ మీద కంప్యూటర్ పక్కన గాజు తొట్టి ఎప్పట్లాగే ఉంది. అందులో పాకుడు నీళ్లున్నాయి, గులకరాళ్లున్నాయి, వాటి మీద మురిగిపోయిన మేత ఉంది. చేప మాత్రం లేదు. నీలం రంగు ఫైటర్ చేప, వేలెడంత ఒళ్లు, చీర కుచ్చిళ్ల లాంటి తోక. సతీష్‌కు అదంటే ప్రాణం.

"నాకేం దెల్సు? నేను దాని దిక్కు గూడ సూడ."

"రాత్రి ఏమన్నవ్? దీన్ని తీస్కవోయి బాత్రూంల పోస్త అన్లేదా?"

అంది. అనక ఏం చేస్తుంది? ఆ తొట్టి వచ్చినప్పటినుంచి సూర్యాపేటలోని ఆ రెండు గదుల కిరాయి ఇంట్లో ఆమెకు ముద్ద దిగడం లేదు. ఇల్లంతా ఒకటే నీచు కంపు. నీళ్లు మార్చాలంటే మంచినీళ్ల చెంబే ముంచుతాడు మహానుభావుడు. తొట్టిలో పైపు పెట్టి నోటితో పీలుస్తాడు. ఒక్కోసారి ఆ పాకుడు నీళ్లు గొంతులోకి పోతాయి. మూతి తుడుచుకుని నవ్వుతాడు. ఇక మేత సంగతి చెప్పనే అక్కర్లేదు. పురుగులు! ఎర్రటి పురుగుల డబ్బా ఫ్రిజ్‌లో అల్లం వెల్లుల్లి ముద్ద పక్కనే గడ్డకట్టి ఉంటుంది. మొన్న కరెంటు పోయినప్పుడు అది కరిగి, కారి, కింద పెరుగు గిన్నెలోకి... ఛీ!

"అన్న. అన్నంత మాత్రాన చేస్తనా?" అంది కల్పన.

"నువ్వు గాకుంటె ఇంకెవలు? అమ్మ నిన్ననే నా ఆయాసం మందు పట్టుకొని ఊర్నుంచి వచ్చె. ఆమెకు దాని మీద పగనా?"

సతీష్ తల్లి ముత్తమ్మ అప్పుడు ఇంట్లో లేదు. మృగశిర కార్తె నాడు ఇంట్లో చేపల కూర వండకపోతే ఎట్లా అని సంచి పట్టుకుని మార్కెట్‌కు పోయింది.

"ఎగిరి కింద పడ్డదేమో, సూసుకోరాదు!"

ఫైటర్లు ఎగురుతాయని సతీష్‌కూ తెలుసు. టేబుల్ కింద దూరాడు. బూజు, వెంట్రుకల ఉండలు, ఎండిపోయిన బొద్దింక దొరికాయి. బీరువా జరిపాడు. మంచం ఎత్తాడు. చెత్తబుట్ట బోర్లించి, కోడిగుడ్డు పెంకులు, టీపొడి, పాచిపోయిన అన్నం చేత్తోనే కెలికాడు. ఎక్కడా లేదు.

"ఇగ అనుమానమే లేదు. బాత్రూంలనే పోసినవ్."

విసవిసా బాత్రూంలోకి పోయి చొక్కా చెయ్యి పైకి మడిచాడు. కమోడ్ ముందు మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఓ దేవుడా! దాంట్ల చెయ్యి వెడ్తున్నవా?"

"నా చేప బతికుందేమో!"

చెయ్యి మోచేతి దాకా లోపలికి పోయింది. వంపులో ఏదో మెత్తగా తగిలింది. సతీష్ ముఖం వెలిగింది. "దొరికింది!" అంటూ పైకి తీశాడు. అది చేప కాదు. అదేమిటో రాస్తే మీరు ఈ పూట అన్నం తినలేరు, వదిలేద్దాం.

కల్పన కొంగు నోట్లో కుక్కుకుని వాంతి ఆపుకుంది. తర్వాత ఏడుపు తన్నుకొచ్చింది.

"థూ! గింత గలీజు మనిషివా నువ్వు? పెండ్లాం మాట నమ్మవు గని పాయిఖానల చెయ్యి వెడ్తవ్!"

"నువ్వు చెయ్యలేదని ఒట్టు వెయ్యి."

"ఒట్టు లేదు గిట్టు లేదు. నా మాట మీద నమ్మకం లేని ఇంట్ల నేనుండ. మునగాల పోత, మా అమ్మగారింటికి. మల్ల నన్ను పిలువకు."

"పో! మూగజీవాన్ని సంపిన చేతులతోని నువ్వు వండితె నేను తింటనా? యాక్!"

ఆ మాటతో కల్పన ఇక ఆగలేదు. పొయ్యి ఆపేసింది. చేతికందిన చీరలు సంచిలో కుక్కింది. చెప్పులు వేసుకుంటుంటే ఎదురుగా ముత్తమ్మ, చేతిలో నీళ్లు కారుతున్న చేపల సంచి.

"ఏందే బిడ్డా, మిరుగు కార్తె పూట సంచి సదురుకున్నవ్? యాడికి?"

"నీ కొడుకునే అడుగు అత్తమ్మా. ఆయన చేపను నేను సంపిన్నంట. ఇగ ఈ ఇంట్ల ఉండేది లేదు."

సతీష్ కంపు కొడుతున్న చెయ్యిని దూరంగా పట్టుకుని వచ్చాడు.

"సంపకుంటె ఏడ వోయిందే అమ్మా? పొద్దుగాల లేచి సూస్తె తొట్టి ఖాళీ!"

"గా తోక చేపకా ఇంత లొల్లి? గది తర్వాత. ముందుగాల ఒకటి చెప్పురా, తెల్లారగట్ల నా చేతుల మందు మింగినప్పటి సంది ఒక్కపారన్న ఆయాసం వచ్చిందా?"

సతీష్ ఒక్క క్షణం ఆలోచించాడు. రోజూ నాలుగు మెట్లెక్కితేనే ఛాతీలో పిల్లికూతలు మొదలవుతాయి. ఇవాళ బీరువా జరిపినా రాలేదు.

"రాలే. అయితేంది?"

ముత్తమ్మ సంబరంగా కోడలి చేతిలోని సంచి లాగి లోపలికి విసిరింది.

"అయితేంది అంటవేందిరా! మందు ఉత్తగ మింగితె పట్టదు, తెల్లారగట్ల కొర్రమీను పిల్ల దొరకకపాయె. కండ్లు మూస్కోమని, మందు వెట్టి, తోకతో సహా నీ గొంతులకు నూకింది దాన్నే గద!"